ఊపిరి బిగబట్టు

పొద్దున తొమ్మిది గొట్టంగ
మిర్యాలగూడ పెద్దాస్పత్రిల ఎక్స్‌రే రూము తాళం తీస్త.
మొదటి పని, మిషిన్ మీది బూడిద తుడుసుడు.
కిటికీలు మూసే పోత, అయినా వస్తది.
ఎట్లొచ్చిందని ఎవరూ అడగరు,
ఊరంతటికి తెల్సినదాన్ని ఏమని అడుగుతరు?
మిల్లుల ఉనుక బూడిద.
చిటికెనవేలుతోని గీస్తె
మిషిన్ మీద నా పేరు రాసుకోవచ్చు.

ఇరవై రెండేండ్ల సంది నా నోట ఒక్కటే పాఠం:
గట్టిగ పీల్చు.
ఊపిరి బిగబట్టు. కదలకు.
ఇగ ఇడువు.
తండా నుంచొచ్చిన మంగ్తికి ఆమె మాటల చెప్పరాదు నాకు,
నా రొమ్ము మీద నేనే చెయ్యేసుకొని
ఉబ్బి చూపిస్త, ఆమె నవ్వుతది,
నవ్వంగనే దగ్గొస్తది, ఫిల్ము పాడైతది.
బీహారు హమాలి మాంఝీకి "సాస్ రోకో" అంట.
నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్ల రెండు అవే.

నౌకరిల చేరిన కొత్తల నల్లగొండల ఉంటి,
అప్పుడు ఎముకలు తీసెటోణ్ణి.
మర్రిగూడ దిక్కుకెళ్ళి ఆటోలల్ల వచ్చేటోళ్ళు,
కాళ్ళు విల్లులైనోళ్ళు, మెడ తిరగనోళ్ళు.
వాళ్ళ వెన్నుపూసలు ఫిల్ము మీద
సున్నమేసిన గోడ లెక్క మెరిసేటియి.
అందరం బోరింగు దిక్కు అనుమానంగ చూసినం.
తర్వాత కృష్ణ నీళ్ళొచ్చినయి నల్లాలకు,
వంకర ఎముకలు తగ్గుకుంట వచ్చినయి,
నాకు ఇటు బదిలీ అయింది.
ఇప్పుడన్నీ ఛాతీలే.
నీళ్ళకు బదులు నీళ్ళు దొరికినయి సరే,
గాలికి ఏ ప్రాజెక్టు నుంచి కాల్వ తవ్వుతరు?

నా ఫిల్ముల లోకం ఉల్టా.
బాగున్న ఊపిరితిత్తి నల్లగుంటది,
చెడ్డదే తెల్లబడతది.
మాంఝీది వెలుగుకు ఎత్తిపట్టి చూసిన.
బాయిలర్ కాడ పదకొండేండ్లు మింగిన నలుపంత
అండ్ల తెల్లగ, గింజలు గింజలుగ,
పాలిష్ పట్టిన సన్నబియ్యం ఎవరో చల్లినట్టున్నది.
బీడి తాగుతవా అంటె తల అడ్డంగ ఊపిండు.
"పని మార్చుకోవాలె" అని డాక్టరమ్మ రాసిన చీటి
నాలుగు మడతలు పెట్టి జేబుల వేసుకొని
మళ్ళ షిఫ్టుకే పోయిండు.

మిల్లోళ్ళను తిడదామంటె
నా బామ్మర్ది అండ్లనే గుమాస్తా.
మాపటికి మా కుక్కర్ల ఉడికేది ఆ బియ్యమే.

ఈయేడు వాన తొవ్వ తప్పింది.
వడ్లు కల్లంల ఉండంగ రాత్రికి రాత్రి కొట్టిపోయింది,
ఎన్కనే ఎండ, నలభై ఆరు.
తడిసిన వడ్లు డ్రయ్యర్ల ఆరాలె,
ఆరాలంటె ఉనుక కాలాలె,
లారీలు కాల్వ కట్ట దాక బారు తీరి ఇంజన్లు ఆపకుండ నిలబడ్డయి.
మా ముకుందం చిన్నాయన దగ్గుకుంటనే అడిగిండు,
"వాన మీద కేసు పెట్టొస్తదారా? ఏ ఠాణల?"
నేను పీల్చు చిన్నాయనా అన్న.
అంతకన్న ఏం చెప్పొస్తది నాకు.

నిన్న, మిల్లుల ఎన్క గల్లీ నుంచి
రెండో తరగతి పిల్ల, నౌషీన్.
పలక దాక అందక స్టూలేసి ఎక్కిచ్చిన.
"ఎంతసేపు బిగబట్టాలె అంకుల్?"
"నేను చెప్పేదాక."
బటన్ మీద వేలుండంగనే కరెంటు పోయింది.
గుమ్మం దాక ఉరికి జనరేటర్‌కు కేకేసిన.
డీజిల్ లేదన్నడు ఒకడు,
ఉన్నది, తాళంచెవి లేదన్నడు ఇంకొకడు.
తిట్టుకుంట ఎనక్కి తిరిగితె

చీకట్ల
పలకకు రొమ్మానిచ్చి
రెండు బుగ్గలు ఉబ్బిచ్చుకొని
ఇంకా అట్లనే నిలబడ్డది,
కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి.

ఇడువుమని నేను చెప్పలే.